ముందు అక్షరం మార్చండి, సాఫ్ట్‌వేర్ తర్వాత

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కంపెనీ జాబితాలో ఉండాలి. బాగానే నడుస్తున్న పాత కంప్యూటర్లు ఎన్నో ఈ గీతకు అవతల పడ్డాయి. డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రచురణ సంస్థల్లో, స్కూలు ఆఫీసుల్లో లినక్స్ (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మాట ఎత్తడానికి ఇదొక కారణం. ఆ మాట ఎత్తగానే ఎవరో ఒకరు ఒక పట్టిక చేతిలో పెడతారు: వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ రైటర్, పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్, ఫొటోషాప్ బదులు గింప్, కోరల్‌డ్రా బదులు ఇంక్‌స్కేప్.

పట్టికలో తప్పేమీ లేదు. కానీ తెలుగులో పనిచేసేవాళ్ళు దాన్ని చివర వాడాలి. మొదటే వాడితే ఏమవుతుందో చెప్పడం కష్టం కాదు. పాత ఫైలు తెరుస్తారు, తెరమీద ఇంగ్లిషు అక్షరాలూ కొమ్ములూ చుక్కలూ కలగాపులగంగా కనిపిస్తాయి. 'ఓపెన్‌సోర్స్‌లో తెలుగు రాదు' అని తేల్చేసి మళ్ళీ పాత పేజ్‌మేకర్ దగ్గరికే వెళ్తారు. తెలుగు వచ్చేది, రానిది ఆ సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. పాత తెలుగు ఫైళ్ళను కట్టిపడేసింది ఫాంటు. ఆ కట్టు విప్పకుండా ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మారినా, కంపెనీల నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారినా ఫలితం అదే.

ఫైలులో నిజంగా ఉన్నదేమిటి

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0. అది 2001లో వచ్చింది. దానికి యూనికోడ్, అంటే ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు సొంత నంబర్లు ఇచ్చే ప్రమాణం, తెలియదు. అందులో తెలుగు కొట్టడానికి మనవాళ్ళు ఒక దారి వెతుక్కున్నారు. ఇంగ్లిషు ఫాంటులో ఉండే రెండువందల పైచిలుకు గళ్ళలో ఇంగ్లిషు బొమ్మలు తీసేసి, తెలుగు ముక్కలు పెట్టారు: ఒక గడిలో తలకట్టు లేని క, ఇంకో గడిలో ఒట్టి తలకట్టు, మరో గడిలో గుడి, వేరే గళ్ళలో వత్తులు. అను ఫాంట్లయినా, అప్పట్లో పత్రికలు తమకోసం తయారు చేయించుకున్న ఫాంట్లయినా పనిచేసిన తీరు ఇదే. ఆ కాలానికి అది గొప్ప పని. వేల పుస్తకాలు, పెళ్ళి పత్రికలు, కరపత్రాలు దాని మీదే అచ్చయ్యాయి.

అయితే ఆ ఫైలులో తెలుగు లేదు. ఉన్నవి ఇంగ్లిషు కోడ్లు. తెలుగు అన్నది ఆ ఫాంటు తెరమీద గీసే బొమ్మ. ఫాంటు తీసేస్తే బొమ్మ పోతుంది. ఒక కంపెనీ ఫాంటులో గుడి ఉన్న గడిలో ఇంకో కంపెనీ ఫాంటులో దీర్ఘం ఉండవచ్చు కాబట్టి, ఫాంటు మారిస్తే బొమ్మ మారిపోతుంది. కంప్యూటర్‌కు 'రాష్ట్రం' అనే మాట ఆ ఫైలులో ఎక్కడా కనిపించదు. వెతికితే దొరకదు. అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టలేదు.

చూపు లేని పాఠకుల సంగతి ఇక్కడ తప్పకుండా చెప్పాలి. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ (తెరమీది మాటలను పైకి చదివే సాఫ్ట్‌వేర్), దానితో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ గొంతు తెలుగు చదువుతాయి. యూనికోడ్‌లో ఉన్న పుస్తకం వాళ్ళకు అందుతుంది. పాత ఫాంటులో ఉన్న అదే పుస్తకం ఇంగ్లిషు అక్షరాల గోలగా వినిపిస్తుంది. ఇంతకంటే పెద్ద ఇంటరాపరబిలిటీ (ఒకచోట చేసింది ఇంకోచోట పనిచేయడం) సమస్య నాకు ఇంకోటి కనిపించదు. అయినా రెండు ఆఫీసు ప్యాకేజీల మధ్య టేబుల్ గీత అరమిల్లీమీటరు జరిగిందన్న గొడవే ఎక్కువ వినిపిస్తుంది.

భారత ప్రభుత్వం ఈ-గవర్నెన్స్ కోసం యూనికోడ్‌ను అక్షర ప్రమాణంగానూ, ఓపెన్ ఫాంట్ ఫార్మాట్‌ను ఫాంటు ప్రమాణంగానూ 2009లోనే ప్రకటించింది. యూనికోడ్‌లో తెలుగుకు స్థానం అంతకు ఎంతో ముందే ఉంది. ప్రమాణం లేక ఆగిన పని కాదిది. పాత సరుకును మార్చే చాకిరీ ఎవరూ నెత్తిన వేసుకోకపోవడం వల్ల ఆగింది.

మార్చడం ఎలా, ఎక్కడ చెడుతుంది

మొదట ప్రతి ఫైలుకూ ఏ ఫాంటు, ఏ వెర్షన్ వాడారో రాసి పెట్టుకోవాలి. 'అను' అని రాసుకుంటే చాలదు, వెర్షన్ కూడా కావాలి. పాత కోడ్లను యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్‌కు తప్పు మ్యాపు (ఏ గడి ఏ తెలుగు ముక్కో చెప్పే పట్టిక) ఇస్తే ముప్పాతిక అక్షరాలు సరిగ్గా వచ్చి, పావు వంతు తప్పుగా వస్తాయి. మొత్తం చెడిపోవడం కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే పైపైన చూస్తే కంటికి ఆనదు.

తర్వాత పేజ్‌మేకర్‌లోంచి టెక్స్టు బయటికి తీయాలి. టెక్స్ట్ టూల్‌తో కర్సరును ఒక స్టోరీలో (ఒకే వరుసగా సాగే టెక్స్టులో) పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ స్టోరీ ఒక్కటే వస్తుంది. పేజీలో విడివిడిగా ఉన్న బాక్సులన్నిటికీ ఇదే పని మళ్ళీ మళ్ళీ చేయాలి. ఇక్కడ ఒట్టి టెక్స్టుగా తీయకండి, ఆర్‌టీఎఫ్‌గా తీయండి. ఒట్టి టెక్స్టులో ఏది తెలుగు ఫాంటు, ఏది ఇంగ్లిషు ఫాంటు అన్న సమాచారం పోతుంది. రెండూ ఒకే కోడ్లు కాబట్టి కన్వర్టర్ ఇంగ్లిషు పేర్లను, ఈమెయిల్ చిరునామాలను కూడా తెలుగు అనుకుని మార్చేస్తుంది. ఆర్‌టీఎఫ్‌లో ఫాంటు పేరు ఉంటుంది. ఆ పేరున్న ముక్కలనే మార్చే కన్వర్టర్ వాడండి. అలాంటిది దొరక్కపోతే ఇంగ్లిషు ముక్కలను ముందే వేరు చేసి పెట్టుకోండి.

ఆ ఆర్‌టీఎఫ్‌ను మధ్యలో వర్డ్‌లో తెరవాల్సి వస్తే ముందు ఆటోకరెక్ట్ మొత్తం ఆపేయాలి. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేయడం, నిటారు కొటేషన్‌ను వంపు కొటేషన్‌గా మార్చడం ఇంగ్లిషుకు మంచివే. పాత తెలుగు ఫాంటులో మాత్రం చిన్నక్షరం గడిలో ఒక తెలుగు ముక్క, పెద్దక్షరం గడిలో వేరే ముక్క, కొటేషన్ గడిలో మరో ముక్క ఉంటాయి. వర్డ్ సాయం చేస్తున్నాననుకుని అక్షరాలు మార్చేస్తుంది. ఆ తప్పులను తర్వాత ఏ కన్వర్టరూ పట్టలేదు.

కన్వర్టర్ చేసే పని గడికి గడి మార్చడం మాత్రమే కాదు, వరస కూడా మార్చాలి. పాత పద్ధతిలో కంటికి కనిపించే వరసలో కొడతారు. 'క్రి' రాయాలంటే 'కి' కొట్టి తర్వాత రవత్తు తగిలిస్తారు, లేదా ఎడమనుంచి చుట్టుకునే రవత్తును ముందే కొడతారు. యూనికోడ్ వరస వేరు: క, పొల్లు, ర, ఆ తర్వాత గుడి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి రెండు వత్తుల మాటల్లో మంచి కన్వర్టరూ చెడ్డ కన్వర్టరూ తేలిపోతాయి. పుస్తకం మొత్తం మార్చే ముందు ఒక పేజీ పరీక్ష పెట్టండి. అందులో ఈ మాటలుండాలి: జ్ఞానం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, వాఙ్మయం, దుఃఖం, ఋషి, ఘోష, ఝరి, మొదలు, యోగ్యత, పూర్ణిమ, వైద్యం, ఔషధం. ఇవన్నీ సరిగ్గా వస్తే మిగతావాటి మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మార్చాక కూడా కంటికి దొరకని తప్పులు నాలుగైదు ఉంటాయి. వీటి గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రూఫు చదివే కన్ను వీటిని దాటిపోతుంది.

మొదటిది 'మొ'. చాలా ఫాంట్లలో 'మొ' అక్షరం చూడటానికి 'మె' పక్కన కొమ్ము పెట్టినట్టే ఉంటుంది. దాంతో కన్వర్టర్లూ, చేత్తో కొట్టేవాళ్ళూ మ, ఎత్వం, కొమ్ము అని మూడు కోడ్లు వేసేస్తారు. చూపుకు 'మొదటి' లాగే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. ఏ హల్లుకైనా ఎత్వమూ కొమ్మూ ఒకేసారి ఉండవు కాబట్టి, ఎత్వం వెంటనే కొమ్ము ఉన్న ప్రతిచోటా ఒత్వం, ఎత్వం వెంటనే కొమ్ము దీర్ఘం ఉన్న ప్రతిచోటా ఓత్వం పెట్టమని ఒక్కసారిగా మార్చేయవచ్చు.

రెండోది సున్న. అనుస్వారం బదులు తెలుగు అంకె సున్న పడి ఉంటుంది. అక్షరం వెంటనే అంకె సున్న వచ్చిన చోట్లు వెతికి మార్చాలి. మూడోది విసర్గ. 'దుఃఖం'లో విసర్గ బదులు ఇంగ్లిషు కోలన్ ఉంటుంది. దీన్ని గంపగుత్తగా మార్చకూడదు. 'పేరు:' తర్వాత ఖాళీ లేకుండా పేరు రాసిన చోట కూడా విసర్గ పడిపోతుంది. ఒక్కొక్కటీ చూసి మార్చాలి. నాలుగోది ఐత్వం. యూనికోడ్ దాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద ఐ గుర్తు కలిపి రెండు గుర్తులుగానూ ఒప్పుకుంటుంది. రెండూ సమానమే అని ప్రమాణం చెప్తుంది కాబట్టి ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఒకసారి నడిపితే అన్నీ ఒకే రూపానికి వస్తాయి. ఏత్వం విషయంలో అలాంటి సమానత లేదు. ఎత్వం మీద విడి దీర్ఘం గుర్తు పెట్టి ఉంటే నార్మలైజేషన్ దాన్ని ముట్టుకోదు, మీరే మార్చాలి.

ఐదోది కంటికి కనిపించని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ట మీద పొల్లు విడిగా నిలబడాలంటే దాని తర్వాత ఈ అక్షరం ఉండాలి. లేకపోతే వ వత్తై కిందికి దిగిపోతుంది. ఒక ఫైలులో దీన్ని పెట్టి, ఇంకోదాంట్లో పెట్టకపోతే రెండూ కంప్యూటర్‌కు వేరు వేరు మాటలు. అసలు అక్కర్లేని చోట్ల, మాట చివర పొల్లు తర్వాత కూడా కొన్ని టైపింగ్ టూల్స్ దీన్ని వదిలిపోతాయి. వాటిని ఏరేయండి. మధ్యలో ఉండాల్సినవి ఉంచండి.

ఈ దిద్దుబాట్లు రైటర్‌లో కంటే ఒట్టి యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైలులో దాచే పద్ధతి) టెక్స్టు మీద, కేట్ లేదా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి ఎడిటర్‌లో చేయడం నయం. గుణింతపు గుర్తును ఒంటరిగా టైపు చేసి వెతకడం తికమక పెడుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి)లో యూనికోడ్ నంబరు ఇచ్చి వెతికితే ఖచ్చితంగా దొరుకుతుంది.

సాఫ్ట్ కాపీ పోయి అచ్చు పుస్తకమే మిగిలితే టెసెరాక్ట్ అనే ఓపెన్‌సోర్స్ ఓసీఆర్‌కు (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు) తెలుగు డేటా ఉంది. 300 డీపీఐలో స్కాన్ చేసి ఇవ్వండి. మ, వు తికమకలు, వత్తుల తప్పులు అందులోనూ వస్తాయి కాబట్టి ప్రూఫు తప్పదు.

ఆపరేటర్ల భయం ఒకటుంది: యూనికోడ్‌కు మారితే కొత్త కీబోర్డు నేర్చుకోవాలేమోనని. ఏళ్ళ తరబడి 'ఆపిల్' అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో చేయి తిరిగినవాళ్ళను ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకోమనడం అన్యాయం. ఆ అవసరమూ లేదు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. చేతి అలవాటు అదే ఉంటుంది, ఫైలులో పడేది మాత్రం యూనికోడ్.

అక్షరం కూర్చేవాడు

యూనికోడ్ ఫైలులో కోడ్లు మాత్రమే ఉంటాయి. వాటిని చూసి వత్తు ఎక్కడ పెట్టాలి, గుడి ఎలా తిప్పాలి అని నిర్ణయించేది షేపింగ్ ఇంజిన్. విండోస్‌కు తనది ఉంది. ఆపిల్‌కు కోర్‌టెక్స్ట్ ఉంది. ఓపెన్‌సోర్స్ ప్రపంచంలో దాదాపు అందరూ హార్ఫ్‌బజ్ వాడతారు: ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, పాంగో అనే లైబ్రరీ ద్వారా గింప్, ఇంక్‌స్కేప్. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా దాన్నే వాడుతోంది. అందుకే ఒకే ఫాంటు, ఒకే ఫైలు ఇస్తే విండోస్ మీద రైటరూ, లినక్స్ మీద రైటరూ వత్తులను ఒకేలా పెడతాయి. పోటీలో ఉన్న కంపెనీల ఇంజిన్ల మధ్య ఆ హామీ ఎవరూ ఇవ్వరు.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేసుకోండి. జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం: ఈ వరస ఐఫోన్‌కు మెసేజీగా వస్తే ఆ యాప్ కూలిపోయేది. 'జ్ఞానం' అనే మాటలోని మొదటి అక్షరానికి కాస్త తేడా రూపం, అంతే. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. తప్పులు హార్ఫ్‌బజ్‌లోనూ ఉంటాయి, స్క్రైబస్‌లోనూ ఉంటాయి. తేడా ఏమిటంటే అక్కడ ఏ ఫాంటు, ఏ వరస, ఏం రావాలి, ఏం వచ్చింది అని నాలుగు ముక్కలు రాసి బగ్ పెడితే, తెలుగు తెలిసిన ప్రోగ్రామర్ ఎవరైనా ఆ కోడు తెరిచి కారణం చూడగలరు. తెలుగు లాంటి లిపికి ఇది చిన్న విషయం కాదు.

వర్డ్, రైటర్ మధ్య

ఇప్పుడు పట్టికలోని మొదటి వరస. వర్డ్ ఫైలును రైటర్‌లో తెరిస్తే పేజీలు మారిపోయాయని అందరూ ఫిర్యాదు చేస్తారు. ఇంగ్లిషు ఫైళ్ళకు దీనికి మందు ఉంది. కాలిబ్రీకి బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కలడియా, టైమ్స్ న్యూ రోమన్‌కూ ఏరియల్‌కూ బదులు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. అక్షరాల వెడల్పు అచ్చంగా అంతే ఉండేలా వాటిని గీశారు, కాబట్టి లైను ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. తెలుగులో గౌతమికి గానీ, నిర్మలా యూఐకి గానీ అలాంటి జోడీ లేదు. ఆ ఫాంట్లు విండోస్‌తో వచ్చేవి, వాటిని లినక్స్‌కు కాపీ చేసుకోవడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఫాంటు లేకపోతే రైటర్ నోటో, లోహిత్ లాంటి స్వేచ్ఛా ఫాంటు ఏదో తెచ్చి పెడుతుంది. వాటి అక్షరాల వెడల్పు వేరు, లైను ఎత్తు వేరు. పన్నెండు పేజీల ఫైలు పద్నాలుగు పేజీలైతే ఆశ్చర్యం లేదు. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి అదనపు ఫాంట్ల కిందికి వెళ్ళాయి కాబట్టి విండోస్‌కూ విండోస్‌కూ మధ్య కూడా ఇదే జరగవచ్చు.

దీనికి సరైన దారి రెండు వైపులా ఒకే స్వేచ్ఛా ఫాంటు పెట్టుకోవడం. మండలి వార్తాపత్రికల వాడకం కోసం చేసింది, ఒంటి మాటరుకు (లోపలి టెక్స్టుకు) బాగుంటుంది. రామభద్ర శీర్షికలకు. నోటో సెరిఫ్ తెలుగు ఉంది, పోతన ఉంది. మండలి, రామభద్ర, నోటో ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి. కాపీ చేసి ఇవ్వవచ్చు, ఫైలులో పొదగవచ్చు, ప్రెస్సుకు పంపవచ్చు. అవతలివాళ్ళు ఫాంటు వేసుకోరు అనుకుంటే రైటర్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లో ఎంబెడ్ చేయమని చెప్పండి. అక్కడ లాటిన్, ఏషియన్, కాంప్లెక్స్ అని మూడు టిక్కులు ఉంటాయి. తెలుగు కాంప్లెక్స్ కిందికి వస్తుంది. ఆ టిక్కు లేకపోతే తెలుగు ఫాంటు ఫైలులోకి వెళ్ళదు.

కాంప్లెక్స్ అన్న మాట ఇంకోచోటా దెబ్బతీస్తుంది. వర్డ్‌లోనూ రైటర్‌లోనూ ఒకే పేరాకు ఇంగ్లిషు ఫాంటు, సైజు వేరుగా, తెలుగు ఫాంటు, సైజు వేరుగా నమోదవుతాయి. స్టైలులో ఇంగ్లిషుకు 12 పెట్టి, తెలుగుకు 10 వదిలేస్తే తెలుగు చిన్నగా కనిపిస్తుంది, ఎంత మార్చినా మారదనిపిస్తుంది. రైటర్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు తెలుగు ఎంచుకోండి, తర్వాత స్టైల్ ఫాంట్ ట్యాబ్‌లో కింద వేరేగా ఉన్న సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) ఫాంటు, సైజు సరిచేయండి. పైథాన్‌తోనో ఇంకో ప్రోగ్రామ్‌తోనో వర్డ్ ఫైళ్ళు తయారుచేసేవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాలి. ఫైలును జిప్‌గా మార్చి లోపలి డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్ తెరిస్తే సైజుకు ఎస్‌జెడ్, ఎస్‌జెడ్‌సీఎస్ అని రెండు, బోల్డ్‌కు బీ, బీసీఎస్ అని రెండు ట్యాగులుంటాయి. చాలా లైబ్రరీలు మొదటిదే రాస్తాయి. తెలుగు వినేది రెండోదాని మాట.

లైను ఎత్తు విషయంలో ఒక చిట్కా. స్పేసింగ్ 'సింగిల్' అని ఉంటే ఫాంటు చెప్పిన ఎత్తు తీసుకుంటుంది, ఫాంటు మారితే పేజీ మారుతుంది. 12 పాయింట్ల తెలుగుకు 20 పాయింట్లని ఖచ్చితంగా పెట్టేస్తే లైన్ల లెక్క మారదు. మరీ బిగిస్తే 'రాష్ట్ర' కింది వత్తు తెగిపోతుంది, చూసుకోండి.

ఫార్మాట్ ఏది? లిబ్రేఆఫీస్ వాడే ఓడీఎఫ్ 2006లో ఐఎస్ఓ ప్రమాణమైంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఓపెన్ ఎక్స్‌ఎంఎల్ 2008లో అయింది. రెండోదానికి మన దేశం వ్యతిరేకంగా ఓటేసింది. వర్డ్ కూడా ఆఫీస్ 2007 రెండో సర్వీస్ ప్యాక్ నుంచి ఓడీటీ (ఓడీఎఫ్ టెక్స్టు ఫైలు) తెరుస్తుంది, సేవ్ చేస్తుంది. నా సలహా రోజువారీ పనికి సంబంధించింది: ప్రతి ఫైలుకూ అసలు కాపీ ఒక్క ఫార్మాట్‌లోనే ఉండాలి, మధ్యలో అటూ ఇటూ తిప్పకూడదు. ఇంట్లో పని ఓడీటీలో చేసి, ఆఖరున ఒక్కసారి వర్డ్ ఫార్మాట్‌లో పంపండి. అవతలివాళ్ళు కూడా దిద్దాల్సి ఉంటే మొదటిరోజు నుంచే డాక్‌ఎక్స్‌లో ఉంచండి. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగిన ఫైలులో స్టైళ్ళ పేర్లు రెట్టింపవుతాయి, టెక్స్ట్ బాక్సులు కదులుతాయి, స్మార్ట్‌ఆర్ట్ ఒట్టి బొమ్మైపోతుంది. వీబీఏ మాక్రోల (ఆఫీసు ఫైళ్ళలో రాసే చిన్న ప్రోగ్రాముల) మీద నడిచే ఆఫీసు ఫైళ్ళున్నవాళ్ళు వాటిని తిరగరాసే మనిషి దొరికేదాకా మారకపోవడమే మంచిది. ఇది ఒప్పుకోకుండా 'అన్నీ నడుస్తాయి' అని చెప్పే ఓపెన్‌సోర్స్ అభిమానుల వల్ల లినక్స్‌కు మేలు కంటే కీడే ఎక్కువ.

దిద్దే అవసరం లేకపోతే పీడీఎఫ్ చాలు. రైటర్ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒక టిక్కు ఉంది. చూసేవాళ్ళకు మామూలు పీడీఎఫ్, లోపల మాత్రం అసలు ఓడీటీ కూడా ఉంటుంది. మళ్ళీ లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోవచ్చు. ఇంత పనికొచ్చే సౌకర్యాన్ని చాలామంది గమనించరు.

ఎక్సెల్ గురించి రెండు మాటలు. తెలుగు పేర్లున్న సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలును) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, ఫైలు మొదట్లో ఇది యూనికోడ్ అని చెప్పే బామ్ గుర్తు లేకపోవడమే కారణం. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చి యూటీఎఫ్-8 ఎంచుకోండి. లిబ్రేఆఫీస్ కాల్క్ అయితే తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ అడుగుతుంది. బ్యాంకు అకౌంటు నంబర్లున్న కాలమ్‌ను రెంటిలోనూ టెక్స్టుగా తీసుకోవాలి. పదిహేను అంకెలు దాటితే ఎక్సెల్ తర్వాతి అంకెలను సున్నలు చేస్తుంది.

పేజీలు కట్టే చోట

పేజ్‌మేకర్ ఫైళ్ళను లిబ్రేఆఫీస్ డ్రా 4.4 నుంచి తెరవగలదు. అది 2015 నాటి మాట. పేజీ ఎలా ఉండేదో చూడటానికి పనికొస్తుంది. తెలుగు మాత్రం పాత కోడ్లలోనే వస్తుంది, కాబట్టి పైన చెప్పిన చాకిరీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. అడోబీ వాళ్ళ పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సొంత ఫైలును స్క్రైబస్ నేరుగా తెరవలేదు, కానీ ఇన్‌డిజైన్‌లోంచి ఐడీఎంఎల్‌గా తీస్తే స్క్రైబస్ తెరుస్తుంది. ఫ్రేములు, బొమ్మలు చాలావరకు చోటులో ఉంటాయి. స్టైళ్ళు మళ్ళీ చూసుకోవాలి.

స్క్రైబస్ విషయంలో వెర్షన్ ముఖ్యం. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోతాయి. హార్ఫ్‌బజ్ 1.5.3లో చేరింది, స్థిరమైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. 1.6 లేదా ఆ తర్వాతివే వాడండి. 'స్క్రైబస్‌లో తెలుగు రాదు' అన్న పాత మాట 1.4 నాటిది. అలాగే 'ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ విరుగుతుంది' అన్న మాట కూడా పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోనివాళ్ళది. అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకే, రంగులు సరిపోల్చే ఐసీసీ ప్రొఫైళ్ళు, అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్ ప్రమాణం పీడీఎఫ్/ఎక్స్ స్క్రైబస్‌లో ఉన్నాయి. ప్రెస్సుకు కావాల్సింది ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్, అది ఎందులో తయారైందని ప్లేటు తీసే మెషీన్ అడగదు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు తక్కువ అని డిజైనర్లు అంటారు. ఒంటి మాటరు వరకూ ఆ మాట ఇప్పుడు నిలవదు. శీర్షికల విషయంలో నిజమే, పాత ఫాంట్లలో ఉన్నంత వైవిధ్యం ఇంకా రాలేదు. మీ దగ్గర లైసెన్సున్న పాత ఫాంటుతో శీర్షిక కూర్చి, దాన్ని కర్వులుగా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి, బొమ్మగా పేజీలో పెట్టండి. పుస్తకం లోపలి టెక్స్టు యూనికోడ్‌లో ఉన్నంతకాలం అట్టమీది పది అక్షరాలు కర్వులైతే నష్టం లేదు. ఆ శీర్షికను పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో టైటిల్‌గా టైపు చేస్తే వెతికేవాళ్ళకూ దొరుకుతుంది.

అన్నీ మార్చేదాకా పాత కంప్యూటర్ ఒకటి ఉంచుకోవాలి. దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేయండి, ఫాంటు లైసెన్సు డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే తాళం లాంటి పరికరం) ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. రోజూ అమ్ముడుపోయే పుస్తకాలతో మొదలుపెట్టకండి, వాటికి ఎలాగూ మళ్ళీ కూర్పు చేస్తారు. రచయిత లేరు, రెండో ముద్రణ లేదు, ఫైలు ఒక్క హార్డ్ డిస్కులోనే ఉంది అన్న పుస్తకాలతో మొదలుపెట్టండి. ఒక్కోదానికి నాలుగు ఫైళ్ళు పక్కపక్కన దాచండి: అసలు పేజ్‌మేకర్ ఫైలు, ఆ కంప్యూటర్ మీదే తీసిన పీడీఎఫ్, యూనికోడ్ టెక్స్టు, ఏ ఫాంటు ఏ వెర్షన్ ఏ కన్వర్టర్ వాడారో రాసిన చిన్న నోటు. రేపు ఇంకో మంచి కన్వర్టర్ వచ్చినా, ప్రూఫులో కొత్త తప్పు దొరికినా, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూసేవాళ్ళకు ఆ నాలుగూ కావాలి.